డాక్టరుగారు చూశారా?

"మళ్ళీ కలుపు," అన్నారు ప్రొఫెసరుగారు.

ఆమె మళ్ళీ కలిపింది. సోమవారం పొద్దుటినుంచి అదే పని. ఒకవైపు రిజిస్టరు. ఊళ్ళో ఏ పేట డాక్టరు దగ్గరికి ఏ రోగి ఎప్పుడు వెళ్ళాడో క్లినిక్కుల్లోనే కంప్యూటర్లో ఎక్కించే చిట్టా అది. ఇంకోవైపు సర్వే. ఇంటింటికీ తిరిగి, ఆ మనుషుల్నే అడిగి తెచ్చిన జవాబులు. రెండింట్లోనూ పేర్లుండవు, సంకేత సంఖ్యలే. ఆ సంఖ్యల్ని పట్టుకుని ఈ అంచునీ ఆ అంచునీ కలిపి కుట్టడం ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో ఆమెకి సూది అని పేరు పడింది. సన్నగా ఉంటుందనీ, ఎక్కడ చిన్న తప్పున్నా పొడుస్తుందనీ ఆ పేరుకి వేరే అర్థాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు.

ఫలితం మారలేదు. పేట డాక్టర్లలో ఎవరిని తీసుకున్నా రిజిస్టరూ సర్వే ఇంచుమించు ఒకే మాట చెబుతున్నాయి. వెళ్ళిన సంగతి మరిచిపోయినవాళ్ళు అక్కడొకరూ ఇక్కడొకరూ, అంతే. పదిహేడో నంబరు క్లినిక్ ఒక్కటే అడ్డం తిరిగింది. అక్కడికి వెళ్ళినట్టు రిజిస్టరులో ఉన్నవాళ్ళలో సగానికి పైగా, 'గత ఆరు నెలల్లో డాక్టరుగారు మిమ్మల్ని చూశారా?' అన్న ప్రశ్నకి 'లేదు' అన్నారు.

ప్రొఫెసరుగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, తెరకి ముక్కు ఆనుతుందేమో అన్నంత దగ్గరగా వంగారు.

"రాని రోగి వచ్చాడని రాసి ప్రభుత్వం దగ్గర ఫీజు తీసుకుంటున్నాడన్నమాట."

"అప్పుడే అలా అనలేమేమో సార్. నంబర్లు తప్పు కలిశాయేమో."

"కలిశాయా?"

"లేదు," అంది. తప్పు కలిస్తే వయసుల్లో తేడా రావాలి, ఆడా మగా తారుమారు కావాలి. అన్నీ ఇట్టే సరిపోయాయి. లెక్కల దగ్గర బుకాయించడం ఆమెకి చేతకాదు.

టీ కప్పుతో అటుగా వచ్చిన సర్వే అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఇళ్ళకి తిరిగి ప్రశ్నలడిగే అమ్మాయిలకి ఆవిడ పెద్ద.

"అయితే మా పిల్లలు నీడపట్టున కూర్చుని గళ్ళు నింపేశారంటారా సార్? ఎండకి మాడిపోయి వచ్చేవాళ్ళు. ఒకింట్లో కుక్క మా పిల్ల సంచి లాక్కుపోయింది. దాన్ని కూడా సర్వే చేయాల్సింది, ఏమడిగినా ఒకటే జవాబు చెప్పేది."

"నిన్నెవరన్నారమ్మా? నీ సర్వే నిజం. కాబట్టే రిజిస్టరు అబద్ధం. రెండూ నిజం ఎలా అవుతాయి?"

ఆ మాట సూదికి కూడా సబబుగానే తోచింది. ప్రశ్న మీద ఆమెకి అనుమానమే రాలేదు. ఎందుకంటే అది ఆమె రాసిన ప్రశ్న. ప్రొఫెసరుగారు మొదట 'సాధారణ వైద్యుని సంప్రదించి పరీక్ష చేయించుకున్నారా' అని రాశారు. సంప్రదించడం అనే మాట పెళ్ళి సంబంధాలకి తప్ప ఇంట్లో ఎవరూ వాడరు సార్ అని నవ్వి, ఆమే దాన్ని మార్చింది. ఇదీ మనుషులు మాట్లాడే భాష అని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.

మధ్యాహ్నానికల్లా ఆరోగ్యశాఖకి ఫోన్ వెళ్ళింది. శుక్రవారం శాఖాధికారిణి వస్తారు, ఆ డాక్టరునీ రమ్మంటారు, సరైన సమాధానం లేకపోతే విచారణ తేలేదాకా శనివారం నుంచి క్లినిక్కుకి తాళం. ప్రొఫెసరుగారు తన గదిలోని ఇనపబీరువా తెరిచి సంకేత సంఖ్యల అసలు పేర్లున్న ఫైలు తీసి, పదిహేడో నంబరు ఎవరో బయటికి చదివారు. ఆమెకి పేరు పరిచయం లేదు. చిరునామా మాత్రం బాగా తెలుసు. రైలు గేటు అవతల, మందుల షాపు పైన, మొదటి అంతస్తు.

ఆమె అత్తగారు నెలనెలా వెళ్ళే క్లినిక్ అదే.

అలాంటప్పుడు చేయాల్సిందేమిటో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. దగ్గరివాళ్ళెవరైనా ఆ డాక్టరు దగ్గర రోగులైతే వెంటనే చెప్పి పని నుంచి తప్పుకోవాలి. దాచిపెడితే ఉద్యోగం ఉండదు. ఆమె ఉద్యోగం ఈ నెలాఖరుకి పర్మనెంటు కావాలి. చెబుదామని నోరు తెరిచింది. ప్రొఫెసరుగారు అప్పటికే ఇంకో ఫోన్లో ఉన్నారు.

చెప్పలేదు.

*

"బుధవారం నాకు కుదరదు, నువ్వే తీసుకెళ్ళు," అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు విప్పుకుంటూ.

"వచ్చే వారం వెళ్తే సరిపోదా?"

"అమ్మ మాత్రలు అయిపోయాయిట. అయినా మెట్లెక్కించి, కూర్చోబెట్టి, మెట్లు దింపడం. అంతేగా?"

"నాకు ఆఫీసులో..."

"నీకొక్కదానికేనా ఆఫీసు?"

అత్తగారు కూరలు తరిగే పీట ముందు కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. "నా గురించి మీరిద్దరూ కొట్టుకోకండిరా. నన్ను ఒక సంచిలో పెట్టి ఆటోవాడి చేతికిచ్చి పంపండి. మళ్ళీ వాడే తెచ్చి పడేస్తాడు."

"అదేం మాట అత్తయ్యా, నేనే తీసుకెళ్తాను," అంది ఆమె. అని, బీన్స్ గిన్నె అందుకుని ఆవిడ పక్కనే కూర్చుంది. తుంచిన ప్రతి ముక్కా ఒక్కో పొడవు వచ్చింది.

*

బుధవారం ఆఫీసు గుర్తింపు కార్డు మెడలోంచి తీసి బ్యాగు అడుగున దాచింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. శుక్రవారం తన ఎదుట కూర్చోబోయే మనిషి ఇవాళ తన మొహం చూడబోతున్నాడు. చూసి గుర్తుపెట్టుకుంటే, అందరి ముందూ 'ఈమె మా క్లినిక్కుకి దొంగచాటుగా వచ్చింది' అంటే? ఒక్కో మెట్టుకీ ఆ ఆలోచన బరువెక్కింది. అత్తగారు రెయిలింగు పట్టుకుని ముందు నడుస్తోంది.

లోపల గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ నిండాయి. టోకెన్లిచ్చే మనిషి లేరు, నంబరు చీటీలు ఒక మేకుకి గుచ్చి ఉన్నాయి, ఎవరిది వాళ్ళే తెంపుకోవాలి. డాక్టరు గది తలుపు తెరుచుకుని మూసుకుంటూ ఉంది. బయటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఆమె పరకాయించి చూసింది. దొంగ రాతల డాక్టరైతే ఇంతమంది నిజం మనుషులు ఇక్కడెందుకున్నారు?

వంతు వచ్చింది. గది చిన్నది. బల్ల గోడకి ఆనించి ఉంది, కంప్యూటరు దాని మూలకి. కాబట్టి డాక్టరు తెరకి ఎదురుగా కూర్చుంటే రోగికి కనిపించేది ఆయన కుడి చెవి. నడివయసు దాటిన మనిషి, మెడ ముందుకి వంగిపోయింది. రెండు వేళ్ళతో టైపు చేస్తున్నారు.

"కూర్చోండి. నంబరు?"

అత్తగారు కార్డు మీది నంబరు చదివింది. ఆయన కొట్టారు. బీపీ పట్టీ అందించారు. ఆమె అత్తగారి చేతికి చుట్టింది. మిషను బుసకొట్టి ఆగింది. ఆయన అంకె కొట్టుకున్నారు.

"కాళ్ళు వాస్తున్నాయా?"

"సాయంత్రమయ్యేసరికి చెప్పులు పట్టవండి. ఎలా తెలిసింది?"

"ఆ బీపీ మాత్రకి వాస్తాయి. మారుస్తున్నాను. మోకాళ్ళు?"

"అవి మారవుటండీ?"

అత్తగారు నవ్వింది. ఆయన నవ్వలేదు. టక్కు టక్కుమని కొడుతున్నారు. "నిద్ర ఎన్ని గంటలు? రోజూ నడుస్తారా? పొగ తాగుతారా?"

"ఇప్పటిదాకా లేదు. మీరు రాసిస్తే మొదలుపెడతాను."

'లేదు' అన్న గడి మీద ఒక నొక్కు. ఆ తరవాతి గడి. ఆ తరవాతిది. ఒక్కటి వదిలినా తెర ముందుకి కదలదు. ఆమెకి ఆ గళ్ళు తెలుసు. నిద్ర, నడక, పొగ, ఇంట్లో ఎందరు, ఒంటరిగా ఉన్నట్టు అనిపిస్తుందా, అన్నీ పరిశోధన కోసం కావాలని తమ ఆఫీసే అడిగి పెట్టించింది. ఖాళీ వదలడానికి వీల్లేకుండా చేయమని ఉత్తరం రాసింది తనే. వదిలేస్తే కలపడానికి ఇబ్బందని.

"ఒంటరిగా అనిపిస్తుందా?" అన్నారు డాక్టరు తెరతో.

అత్తగారు ఆయన చెవి వైపు చూసింది. "మీకా, నాకా?"

"ఎప్పుడూ, అప్పుడప్పుడు, లేదు. ఏది?"

"లేదనే రాసుకోండి బాబూ."

మందుల కాగితం ప్రింటర్లోంచి బయటికొచ్చింది. ఆయన దాన్ని పక్కకి చాపారు. ఆమె అందుకుంది. "నెల తరవాత రండి. తలుపు తీసి పెట్టండి." ఆ మాట అనేటప్పటికి ఆయన వేళ్ళు తరవాతి నంబరు కోసం గాల్లో ఆగి ఉన్నాయి.

దిగి, ఆటో ఎక్కి, ఇంటి ముందు దిగేసరికి ఎదురింటావిడ గేటు మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా, డాక్టరుకి చూపించుకోడానికి వెళ్ళారుట? చూశాడా?"

"ఎక్కడ చూశాడమ్మా! చూడలేదు. మందు రాశాడు, పంపాడు," అంది అత్తగారు. "నేను మాత్రం ఆయన చెవి బాగా చూశాను. లోపల వెంట్రుకలు పెరిగాయి, కత్తిరించుకుంటే బాగుండును."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆటో డబ్బులిస్తున్న ఆమె చిల్లర సంగతి మరిచిపోయి అత్తగారి వైపు తిరిగింది.

ఇంట్లోకి వెళ్ళాక అత్తగారిని చెప్పులు విప్పుకోనిచ్చి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "అత్తయ్యా, ఒక ప్రశ్న అడుగుతాను. అవును, కాదు, ఏదో ఒకటే చెప్పాలి. గత ఆరు నెలల్లో డాక్టరుగారు మిమ్మల్ని చూశారా?"

"లేదు."

"నెలనెలా వెళ్తున్నారుగా?"

"నేను వెళ్తున్నా. చూపించుకోడానికే వెళ్తున్నా. ఆయన చూడటం లేదు. రెండూ ఒకటేనా ఏమిటే?" పాదం నొక్కుకుంటూ అంది ఆవిడ. "మంచివాడే పాపం. మందు బాగానే పడుతుంది. ఆ టీవీ ఒక్కటి లేకపోతే బాగా చూసేవాడు. ఇదివరకు చూసేవాడుట."

*

"లేదని నవ్వుతూనే చెప్పేవాళ్ళని మా పిల్లలు అనుకునేవాళ్ళు," అంది సర్వే అక్క గురువారం. "రైలు గేటు వైపు ఒక తాతయితే, 'నన్ను ఏం చూస్తాడమ్మా, చూసే వయసా' అన్నాడుట. మా పిల్ల లేదు అని నొక్కింది."

"వెళ్ళారా అని అడగలేదా అక్కా?"

"ఆ ప్రశ్న ఉందా? నువ్వు పెట్టావా? అవును, లేదు తప్ప పక్కన ఒక్క ముక్క రాసుకున్నా ఒప్పుకోనని నువ్వేగా క్లాసు పీకావు!" అని, ఆమె మొహం చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "సరేలే. ఇప్పుడేం చేస్తావు?"

ఆమె ప్రొఫెసరుగారి గదిలోకి వెళ్ళింది. తలుపు వేసింది.

"సార్, ప్రశ్నలో తప్పుంది. నా తప్పే. వాళ్ళు వెళ్ళలేదని చెప్పలేదు. ఆయన తమ మొహం చూడలేదని చెప్పారు."

ఆయన కలం కింద పెట్టి పూర్తిగా విన్నారు. వినడంలో ఆయనకి వంక పెట్టలేం. "బాగుంది. కానీ అదే ప్రశ్న మిగతా క్లినిక్కులన్నిట్లో సరిగ్గా పనిచేసిందిగా? ఒక్కచోటే మాటకి అర్థం మారిందా?"

"మిగతా చోట్ల టైపు చేయడానికి వేరే మనిషి ఉంటారు సార్. ఇక్కడ డాక్టరే కొట్టుకుంటారు. కంప్యూటరు ఆయన్ని అటు తిప్పేసింది."

"నీకెలా తెలుసు?"

ఇక్కడే చెప్పేయాలి. నాలుక మీదకి వచ్చింది, 'మా అత్తయ్యని తీసుకెళ్ళాను' అని. వచ్చి, అక్కడే అతుక్కుపోయింది.

"ఎవరో... చెప్పారు సార్."

"ఎవరో." ఆయన కలం మళ్ళీ తీసుకున్నారు. "ఎవరో చెప్పారని నేను రేపు శాఖవాళ్ళకి ఏమని చెప్పను? మన పదిహేను నెలల పని తూచ్ అననా? ఆయన్నే రానీ. ఆయనకి చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే ఆయనే చెప్పుకుంటాడు."

ఆ సాయంత్రం ఆమె అత్తగారి కొత్త మాత్రల్లో మిగిలినవాటిని డబ్బాలో రోజువారీ గళ్ళలో సర్దింది. పొద్దున నుంచీ వాపు కాస్త తీసిందని ఆవిడ మడమ నొక్కి చూపించింది. శనివారం నుంచి ఆ గది తలుపు తెరుచుకోదని, మేకుకి గుచ్చిన చీటీలు అలాగే ఉండిపోతాయని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

*

శుక్రవారం మీటింగు గదిలో కిటికీకి వీపు పెట్టి, మొహం నీడలో ఉండేట్టు కూర్చుంది. ఎదురుగా శాఖాధికారిణి, నెరిసిన జుట్టు, కుదురైన మనిషి, కలం మూత తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. పక్కన ప్రొఫెసరుగారు.

డాక్టరు చంకలో కాగితాల దొంతరతో వచ్చారు. ఎదురు నుంచి ఆయన మొహం ఆమె చూడటం అదే మొదలు. కళ్ళ కింద సంచులు. అందరి వైపూ ఒకసారి తల తిప్పారు. చూపు ఆమె మీదకి వచ్చింది. చూపు దాటిపోయింది.

ప్రొఫెసరుగారు లెక్కలు చదివారు. డాక్టరు చివరిదాకా కదలకుండా విని, కాగితాల మీద అరచెయ్యి పరిచారు.

"వచ్చిన ప్రతి మనిషీ ఇందులో ఉన్నాడండి. బీపీ ఎంత, మందు ఏమిటి, నిద్ర ఎంత, నడక ఎంత. మీరడిగిన ప్రతి గడీ నింపాను. మధ్యాహ్నం అన్నం తినకుండా నింపాను. రాలేదని వాళ్ళు ఎందుకు చెప్పారో నాకు తెలీదు. నేను దొంగని కాను."

"మరి సగంమందికి పైగా అబద్ధమాడారంటారా?" అన్నారు అధికారిణి.

"నాకు తెలీదన్నాను." ఆయన గొంతు లేచింది. "ఈ లెక్కలు కలిపిందెవరండీ?"

"నేనేనండి," అంది ఆమె.

ఆయన ఆమె వైపు తిరిగారు. "చదువుకున్నారు, బాగానే కలిపారు. కానీ ఒక్కమాట చెప్పండమ్మా. ఏసీ గదిలో కూర్చుని నా క్లినిక్కుకి తాళం వేయించడమేనా, ఏనాడైనా నా గుమ్మం తొక్కారా మీరు?"

అంతసేపూ ఆమెని కుదిపేసిన భయం ఒక్కసారిగా ఎటో పోయింది. ఆయన దాచడం లేదు. వెటకారమూ కాదు. నిజంగానే అడుగుతున్నారు.

"తొక్కానండి," అంది. "మొన్న బుధవారం. మీ గదిలో, మీ పక్క కుర్చీలో కూర్చున్నాను. మా అత్తయ్యని తీసుకొచ్చాను. పట్టీ నేనే చుట్టాను, మందుల కాగితం మీ చేతిలోంచి నేనే అందుకున్నాను."

ప్రొఫెసరుగారి తల చటుక్కున ఇటు తిరిగింది. ఆమె అటు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుంది.

"సార్‌కి ముందే చెప్పి తప్పుకోవాల్సింది, చెప్పలేదు. ఆ తప్పు నాది. ప్రశ్న రాసిందీ నేనే. 'డాక్టరుగారు చూశారా' అని రాశాను. క్లినిక్కుకి వెళ్ళారా అని అడిగాననుకున్నాను. వాళ్ళు నేను అడిగినదానికే జవాబు చెప్పారు. ఇంటికెళ్ళాక మా అత్తయ్యా అదే చెప్పారు. చూపించుకున్నాను, ఆయన చూడలేదు అని."

డాక్టరు మొహం ఎర్రబడింది. దొంగ అన్నప్పుడు కూడా అంత ఎర్రబడలేదు. "చూడకపోవడమేమిటి? చూడకుండా మందు రాస్తానా? రోజంతా వాళ్ళని చూడటం తప్ప నాకింకేం పని?"

అధికారిణి కలం ఎత్తి, ఆమె వైపు చూపించారు. గొంతులో ఏ రంగూ లేదు. "డాక్టరుగారూ, బుధవారం ఈమెని మీరు చూశారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశారు. నుదురు, కళ్ళు, చెంప మీది పుట్టుమచ్చ, పోయిన వస్తువు కోసం వెతికినట్టు ఒక్కొక్కటే చూశారు. కిందికి చూసి కాగితాలు తిరగేయడం మొదలుపెట్టారు. బుధవారం దొరికింది. వేలు ఒక వరస మీద ఆగింది.

"మోకాళ్ళు. కాళ్ళ వాపు. బీపీ మాత్ర మార్చాను," అన్నారు. "పొగ లేదు. ఒంటరితనం లేదు."

"ఆవిడేనండి," అంది ఆమె.

"వచ్చారు. ఇదిగో, వచ్చారు." వేలు అక్కడే ఉంది. తరవాత తనలో తను అనుకున్నట్టు అన్నారు, "లేదు. చూడలేదు."

అధికారిణి కలానికి మూత పెట్టారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఉన్నారు కాబట్టి తాళం ప్రసక్తి లేదన్నారు. ఆ ప్రశ్నని మళ్ళీ అడిగించాలన్నారు. ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీసి తుడుస్తూ, "నీతో తరవాత మాట్లాడతాను," అన్నారు ఆమెతో. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నయమనిపించింది.

డాక్టరు కాగితాలు సర్దుకున్నారు. నెగ్గిన మనిషిలా లేరు. దొంతర అంచులు ఎంతకీ కలవక, బల్ల మీద తడుతూ ఉండిపోయారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. వెనక్కి తిరిగి నేరుగా ఆమె దగ్గరికి వచ్చారు.

"మీ అత్తగారు..." అన్నారు. "ఎలా ఉంటారమ్మా?"

వాపు తగ్గిందండి, బాగానే ఉన్నారు అనబోయి ఆగింది. ఎలా ఉన్నారని కాదు ఆయన అడిగింది.

"పొట్టిగా ఉంటారండి," అని మొదలుపెట్టింది. "నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. మీ గదిలో నవ్వారు."